నిలబడి నేర్చుకున్న కంప్యూటర్

మొన్న ముసురు పట్టిన రోజున భద్రాచలంలో ఒక బ్యాంకుకు వెళ్లాను. అద్దాల తలుపు తోయగానే లోపలి చల్లగాలి ముఖానికి కొట్టింది. ఆ చలిలో తడిసిన చెప్పుల వాసన, గొడుగుల వాసన, ఎక్కడో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసి ఉన్నాయి. కిటికీలకు మందపాటి తెరలు దించి ఉన్నాయి. టోకెన్ తీసుకుని కుర్చీలో కూర్చున్నాను గానీ కాళ్లు నిలవలేదు. లేచి బయటి మెట్ల మీదికి, జల్లు పడుతున్న చోటికి వచ్చి నిలబడ్డాను. "ఏంది మేడమ్, పనైపోయిందా?" అని కాపలా మనిషి అడిగాడు. "కాలే. గాలి కోసం వచ్చిన" అన్నాను. ఆ మాట నోరు దాటాక గానీ తట్టలేదు, చాలా ఏళ్ల కింద ఖమ్మంలో ఒకామెకు నేను ఇదే జవాబు చెప్పానని. ఆమె పేరు ఎస్తేరు రాణి. విశ్వవిద్యాలయంలో మాకు కంప్యూటర్ పరిచయం పాఠం చెప్పిన మేడమ్. ఆమె గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఆ మెట్ల మీద నిలబడ్డాక తెలిసింది.

మేం కోయవాళ్లం. చర్లకు పోయే దారి నుంచి లోపలికి నడిస్తే గోదావరి ఒడ్డున మా గుంపు వస్తుంది. గుంపు అంటే మా వైపు చిన్న పల్లె. ఆశ్రమ పాఠశాలలో చదివి, భద్రాచలంలో డిగ్రీ చేసి, రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు చరిత్రలో ఎంఏ చేద్దామని ఖమ్మంలోని విశ్వవిద్యాలయం పీజీ కాలేజీలో చేరాను. ఏ సబ్జెక్టు వాళ్లయినా మొదటి ఏడాది కంప్యూటర్ పరిచయం కోర్సు చదివి తీరాలి. అది పాసు కాకపోతే డిగ్రీ చేతికి రాదు. అప్పటిదాకా నేను కంప్యూటర్‌ను చూసింది దవాఖానాలో చీటీ రాసే కిటికీకి ఇవతల నిలబడి మాత్రమే. దాని వెనక భాగం, తీగలు చూశాను. ముందు భాగం చూడలేదు.

దానికి తోడు నాకు కుదురు లేదు. ఆశ్రమ పాఠశాలలో సార్లు కూడా అదే అనేవారు. మా ఇంట్లో పగటిపూట కూర్చున్న మనిషిని నేను చూడలేదు. ఇప్పపూలకో తునికాకుకో పొద్దున్నే అడవికి, ఆ తర్వాత చేనుకు, ఆ తర్వాత నీళ్లకు, ఎప్పుడూ కాళ్ల మీదే. బడిలో బెంచీ మీద కూర్చోవడమే నాకు పెద్ద శిక్ష. చదువు మీద ఇష్టం కొద్దీ దాన్ని భరించాను.

మొదటి కంప్యూటర్ క్లాసు రోజు కూడా వానే. ల్యాబు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని కిటికీలన్నీ మూసి, నీలం తెరలు దించారు. పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి. ఏసీ గుర్రుమంటోంది. పెట్టెల్లాంటి మానిటర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని ముందు ముగ్గురేసి ఉన్నాం. నా పక్కన సరిత. హాస్టల్లో నేనూ ఆమే ఒకే గదిలో ఉండేవాళ్లం. వాళ్ల నాన్న మణుగూరు బొగ్గు గనిలో పనిచేసేవాడు. కాలనీలో కంప్యూటర్ నేర్పే చోటుకు ఒక వేసవంతా వెళ్లొచ్చింది కాబట్టి ఆమెకు భయం లేదు. "ఇగో, దీన్ని పట్టుకొని జరుపు, అంతే" అని మౌస్ నా చేతికిచ్చింది. నేను ముందుకు తోస్తే తెర మీది బాణం పైకి పోయింది. చేయి ఒక దిక్కు, బాణం ఒక దిక్కు. రెంటికీ పొత్తు కుదరలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారో, వాళ్లలో వాళ్లే నవ్వుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెరల వెనక వాన వినిపిస్తోంది గానీ కనిపించడం లేదు. లేచి, ఎవరినీ అడగకుండా బయటికి వచ్చేశాను.

వరండాలో చెప్పులు వెతుక్కుంటుంటే వెనక తలుపు తెరుచుకుంది. మేడమ్ వట్టి కాళ్లతోనే వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉన్నారు. నూలు చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ, చేతిలో సుద్దముక్క.

"ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగారు.

"గాలి కోసం వచ్చిన మేడమ్."

"మళ్లీ లోపలికి వస్తావా?"

హాస్టలుకు పోయి సంచీ సర్దుకుని భద్రాచలం బస్సెక్కుదామని మనసులో ఉంది. ఆమె తిట్టలేదు, బతిమాలలేదు. నా పక్కనే నిలబడి కాసేపు వాన చూశారు. తర్వాత మా ఊరేదో అడిగారు. చెప్పాను.

"మీ ఊళ్లో కూర్చుని చేసే పనులేమున్నాయి?"

అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్పాను. "విస్తరాకులు కుడతం. మిగిలినయన్నీ నిలబడో నడుసుకుంటో చేసేటియే."

"క్లాసులో నేను కూర్చోవడం చూశావా?"

"లేదు మేడమ్."

"కూర్చుంటే నాకు పాఠం రాదు. నువ్వూ నిలబడే నేర్చుకో. కూర్చునే నేర్చుకోవాలని సిలబస్‌లో ఎక్కడా రాయలేదు."

లోపలికి వెళ్లాక అటెండర్ చేత ఒక యంత్రాన్ని కిటికీ పక్కనున్న ఎత్తు బల్ల మీదికి ఎత్తించారు. నీలం తెర పక్కకు లాగి కిటికీ రెక్క తెరిచారు. "హెడ్ సారు తిడతరు మేడమ్" అన్నాడు అటెండర్. "తిడితే నన్ను తిడతారు, నిన్ను కాదు" అన్నారు. వాన గాలి లోపలికొచ్చింది. నేను నిలబడి మౌస్ పట్టుకున్నాను. ఆ రోజు బాణాన్ని తెర నాలుగు మూలలకూ తిప్పడం తప్ప ఇంకేమీ చేయలేదు. హాస్టలుకు వెళ్లి నిద్రపోయాను. సంచీ సర్దలేదు.

ఆమెది మధిర. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్లేవారు. ఉద్యోగం కాంట్రాక్టుది. ప్రతి ఏడాదీ మళ్లీ ఆర్డర్ రావాలి, వస్తుందో రాదో ఆమెకే తెలియదు. అందుకేనేమో, ఎప్పుడు చూసినా ఏదో తరుముతున్నట్టు ఉండేవారు. యంత్రాల మధ్య అటూ ఇటూ తిరిగేవారు, గడియారం చూసుకునేవారు, చేతిలో తాళాలగుత్తి ఆడించేవారు. శాంతమూర్తి అని ఎవరైనా ఆమెను తలుచుకుంటే నేను ఒప్పుకోను. కోపం ముక్కు మీద ఉండేది. "తెర మీద ఏం రాసుందో చదవకుండా నొక్కుతావేం? కళ్లెక్కడ పెట్టావు?" అని గట్టిగా అరిచేవారు. అరిచాక ఒక్క నిమిషం కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చి, అదే సంగతిని మొదటినుంచి వేరే మాటల్లో చెప్పేవారు. అది కూడా అర్థం కాకపోతే మళ్లీ అరుపు, మళ్లీ నడక, మళ్లీ కొత్త మాటలు. ఎన్నిసార్లయినా అంతే. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉండేవారు. మేం తప్పు చేస్తుంటే ఆమె వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకునేవి గానీ, మా చేతిలోంచి మౌస్ లాక్కున్నది ఒక్కసారి కూడా లేదు. "నేను చెయ్యి పెడితే నాకొస్తుంది. నాకు ముందే వచ్చు" అనేవారు.

నిజానికి ఆ కోర్సును ఎవరూ పట్టించుకునేవారు కాదు. బజారులో గైడు దొరికేది. కంప్యూటర్ అనగానేమి, దాని భాగాలు ఏవి అని బట్టీ పట్టి రాస్తే మార్కులు వచ్చేవి. ప్రాక్టికల్స్ పేరుకే. మేడమ్ మాత్రం ఒక నియమం పెట్టారు. ఇంతకుముందు కంప్యూటర్ ముట్టనివాళ్లే కీబోర్డు ముందుండాలి. పని వచ్చినవాళ్లు వెనక నిలబడాలి, నోరు మూసుకోవాలి. టౌను పిల్లలకు ఇది నచ్చలేదు. ఫీజు తామూ కట్టామని హెడ్ సారు దగ్గరికి పోయారు. ఆయన మా ఎదుటే మేడమ్‌ను వరండాలోకి పిలిచి మాట్లాడారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాకు వినిపించింది.

"వచ్చినవాళ్లను వెనక నిలబెడితే ఎట్లా అమ్మా? పైగా కిటికీలు తెరుస్తున్నారట. యంత్రాలు పాడైతే ఎవరు జవాబు చెప్పాలి?"

"వాడకపోతే కూడా పాడవుతాయి సార్" అన్నారామె.

లోపలికి వచ్చాక ఆమె ముఖం ఎర్రబడి ఉంది. నియమం మారలేదు. కిటికీ మూయలేదు.

ఒకరోజు మా ఊరి గురించి ఒక పేజీ టైపు చేయమన్నారు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఏ నెలలో అడవిలో ఏం దొరుకుతుందో రాస్తూ పోయాను. పేజీ నిండబోతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తెర నల్లగా అయింది. "సేవ్ చేశావా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే పోయింది" అన్నారు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. అంతసేపు చేసిన పని కళ్ల ముందే ఎట్లా పోతుంది? అడవిలో ఏరిన పూలు ఒలికిపోతే కనీసం నేల మీద కనిపిస్తాయి కదా. ఆమె ఓదార్చలేదు. కరెంటు వచ్చాక నా వెనక వచ్చి నిలబడి, "మళ్లీ కొట్టు. రెండోసారి వేళ్లకు దారి తెలుస్తుంది" అన్నారు. తెలిసింది కూడా. మొదటి దానికంటే సగం సేపట్లో అయిపోయింది.

అట్లా కాస్త చేయి తిరుగుతున్న రోజుల్లో ఎగువన వానలు మొదలయ్యాయి. హాస్టల్ టీవీలో గోదావరిని చూపించారు. భద్రాచలం స్నానఘట్టాల మెట్లు కనిపించడం లేదు. మా గుంపులో ఫోను లేదు. మా పక్కనున్న పెద్ద ఊళ్లో కిరాణా కొట్టుకు ఒక ఫోనుండేది. ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఎన్నిసార్లు చేసినా మోగలేదు. నాకు అన్నం సయించలేదు, పుస్తకం పట్టలేదు. కారిడార్లో తిరుగుతూనే ఉన్నాను. "గట్ల తిరిగితే ఏమొస్తదే, క్లాసుకన్న పోదాం పా" అని సరితే నన్ను ల్యాబుకు లాక్కొచ్చింది. మేడమ్‌తో సంగతి కూడా ఆమే చెప్పింది.

మేడమ్ నన్ను ఆఫీసు గదిలోని ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోయారు. టెలిఫోన్ లైను మీద కనెక్షన్ అది, ఒకసారి కలిసి ఒకసారి తెగేది. గోదావరి నీటిమట్టం చూపే పేజీ ఒకటి తెరిచారు. అది పై నుంచి కిందికి ఒక్కో గీతగా దిగింది. భద్రాచలం దగ్గర ఇన్ని అడుగులు అని ఒక అంకె. రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. మళ్లీ తెప్పించుకోవడానికి ఎక్కడ నొక్కాలో చూపించి, ఆమె చేతులు వెనక్కి కట్టుకున్నారు. నేను నొక్కాను. కాసేపాగి మళ్లీ నొక్కాను. నాకు తెలియకుండానే కుర్చీలో కూర్చున్నాను.

"ఈ అంకెకు మీ ఊళ్లో అర్థం ఏంటి?" అని అడిగారు.

"రెండో హెచ్చరికంటే మా మొక్కజొన్న చేన్లకు వస్తది మేడమ్. ఇంకింత పెరిగితే బోరింగు కాడికి. మూడో హెచ్చరికంటే అవ్వ మేకల దొడ్డి." మా అమ్మను మేం అవ్వ, నాన్నను అయ్య అంటాం.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మా ఇల్లే."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. మేడమ్ క్లాసులు ముగించుకుని వచ్చారు. ఆమె రైలు వెళ్లిపోయింది. నా వెనక నడుస్తూనే ఉన్నారు. అంకె మూడో హెచ్చరిక దాటిన సంగతి ఇద్దరం ఒకేసారి చూశాం. నేను మళ్లీ నొక్కబోతే ఆమె ప్లగ్గు పీకినట్టు ఠక్కున "లే" అన్నారు.

"నువ్వు ఎన్నిసార్లు నొక్కినా అది అంకే చెబుతుంది. మీ అమ్మానాన్నల సంగతి చెప్పదు. పొద్దున్నే బస్సెక్కు."

"ఎల్లుండి ప్రాక్టికల్స్ మేడమ్."

"నాకు తెలుసు. పెట్టేది నేనే."

భద్రాచలంలో వాళ్ల చిన్నాన్న పాస్టరుగా ఉన్నారనీ, చర్చి బడిలో వరద బాధితులకు వంటలు చేస్తున్నారనీ చెప్పి, నా ఎదుటే ఆయనకు ఫోను చేశారు. "మా పిల్ల వస్తోంది, నాగమణి అని. చూసుకోండి" అన్నారు. మా పిల్ల అన్న మాట నాకు ఆ పూట అన్నం తినేంత ధైర్యం ఇచ్చింది.

బస్సు పాల్వంచ దాటి కొంత దూరం పోయి ఆగిపోయింది. అక్కడినుంచి బియ్యం తీసుకుపోతున్న లారీలో వంతెన దాకా వెళ్లాం. కింద గోదావరి ఎర్రగా, వేళ్లతో సహా చెట్లను మోసుకుంటూ పోతోంది. నది అంత దగ్గరగా వంతెనను తాకబోవడం నేను అంతకుముందు చూడలేదు. చర్చి బడిలో మా గుంపు ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నారు. మా వాళ్లు లేరు. మిగిలిన గొడ్లను పట్టుకుని గుట్ట మీదే ఉండిపోయారని చెప్పారు. నీళ్లు తగ్గేదాకా అటు పోయే దారి లేదు. పాస్టరు గారు నాకు కూరగాయలు తరిగే పని ఇచ్చారు. ఆయనకు మేడమ్ నా గురించి ఏం చెప్పారో గానీ, ఒక్క పని అయ్యేలోపే ఇంకో పని చేతికిచ్చేవారు. అది లేకపోతే నేను నదిలోకి నడిచి ఉండేదాన్నేమో.

నీళ్లు తగ్గాక ట్రాక్టరు మీద కొంత, బురదలో నడిచి కొంత గుంపుకు చేరాను. అయ్య గుట్ట మీద పాలిథిన్ కవరు కింద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "సదువు ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్ బిడ్డా" అన్నాడు. ఇంటి గోడలు కరిగిపోయి వాసాలు నేల మీద ఉన్నాయి. మనుషులు దక్కారు. అవ్వ మేకలు మాత్రం దొడ్లోనే పోయాయి. ఆమె ఏడవడం లేదు, కూర్చోవడం లేదు. ఖాళీ దొడ్డి చుట్టూ తిరుగుతోంది.

నీళ్లొస్తాయని ఎవరూ చెప్పలేదా అని అయ్యను అడిగాను. చెప్పారన్నాడు. పెద్ద ఊరికి జీపు వచ్చి మైకులో ఇన్ని అడుగులు వస్తుందని చెప్పి పోయిందట. "అడుగులంటే ఎక్కడికి? మన పొయ్యి కాడికా, పొలం కాడికా? ఎవలకు ఎరుక?" అన్నాడు. మైకులో అరిచిన ఆ అంకెనే నేను ఖమ్మంలో కుర్చీలో కూర్చుని చూశాను. అది మేకల దొడ్డి అని నాకు తెలుసు. తెలిసిన మనిషి అంత దూరాన, వినాల్సినవాళ్లు ఇక్కడ.

ఇల్లు మళ్లీ కట్టుకోవాలి. మట్టి తొక్కడానికి, కంప కొట్టడానికి చేతులు కావాలి. నేను ఉండిపోయాను. వారాలు గడిచాయి. చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాళ్ల మీద నిలబడి చేసే పని కాబట్టి ఒళ్లు హాయిగానే ఉంది. మనసు మాత్రం ఒకచోట ఉండేది కాదు. మట్టి తొక్కుతూ ఉంటే వేళ్లు వాటంతటవే అక్షరాలు కొట్టినట్టు కదిలేవి.

ఒకరోజు దుప్పట్లు పంచడానికి పాస్టరు గారి జీపు వచ్చింది. అందులోంచి మేడమ్ దిగారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బురదలో నడిచి వచ్చారు. అయ్య మంచం వాల్చాడు. ఆమె కూర్చోలేదు.

"బోరింగు ఎక్కడుంది?" అని అడిగారు.

చూపించాను. అక్కడినుంచి మొక్కజొన్న చేను, అక్కడినుంచి దొడ్డి, మా ఇంటి గోడల మీద నీళ్లు నిలిచిన చార. అన్నీ తిరిగి చూశారు. "అంకె చూశాను, చోటు చూడలేదు. అందుకే వచ్చాను" అన్నారు. చదువుకు రమ్మని నాతో ఒక్క మాట అనలేదు.

అన్నది అవ్వతో. అవ్వకు తెలుగు సరిగా రాదు, మేడమ్‌కు కోయ రాదు. మధ్యన నేను. నా గురించి జరిగే మాటలను నేనే అటూ ఇటూ మోయాల్సి వచ్చింది.

"అమ్మాయికి పరీక్ష ఒకటి మిగిలింది. పంపిస్తారా అని అడుగు."

అడిగాను. అవ్వ దొడ్డి వైపు చూస్తూ జవాబిచ్చింది. నేను మేడమ్‌కు చెప్పాను. "ఆ డబ్బా నేర్చుకుంటె గోదారి ఆగుద్దా అంటాంది మేడమ్."

"ఆగదని చెప్పు. కానీ ఎప్పుడొస్తుందో, ఎంతదాకా వస్తుందో ముందే తెలుస్తుందని చెప్పు."

"తెలిస్తే ఏం చేస్తం అంటాంది."

మేడమ్ కూడా దొడ్డి వైపు చూశారు. "మేకల్ని ముందురోజే గుట్ట ఎక్కించొచ్చు అని చెప్పు."

ఆ మాటను మా భాషలో సగం చెప్పి ఆగాను. మళ్లీ మొదటినుంచి చెప్పాను. అవ్వ తిరగడం ఆపింది. నన్ను కాదు, మేడమ్‌నే చూస్తూ ఏదో అంది. మేడమ్ నా వైపు చూశారు. "దుప్పట్లు దించిన జీపులో మా పిల్లను ఎక్కించుకొనిపో అంటాంది" అన్నాను. అయ్య మాత్రం, "ఇల్లు నేను కట్టుకుంట. నువ్వు పోయి పని నేర్సుకో" అని వాసం ఎత్తుకున్నాడు.

కాలేజీలో నాకు విడిగా ప్రాక్టికల్స్ పెట్టడానికి హెడ్ సారు ఒప్పుకోలేదు. హాజరు లేదు, నియమం లేదు అన్నారు. మేడమ్ ఆయన గది ముందు ఎంతసేపు తిరిగారో నేను చూశాను. చివరికి ఆయన విసిగిపోయి సరే అన్నారు గానీ, తానే వచ్చి నా పక్కన నిలబడ్డారు. మేడమ్ నన్ను ఒక పట్టిక తయారు చేయమన్నారు. ఒక వైపు గోదావరి నీటిమట్టం, ఇంకో వైపు ఆ నీళ్లు మా గుంపులో ఎక్కడిదాకా వస్తాయో. ఎత్తు బల్ల ముందు నిలబడి చేశాను. మొక్కజొన్న చేను, బోరింగు, మేకల దొడ్డి, పొయ్యి.

"ఇది సిలబస్‌లో ఉందా?" అన్నారు హెడ్ సారు.

"పట్టిక చేయడం ఉంది సార్. అందులో ఏం రాయాలో లేదు" అన్నారు మేడమ్.

ఆయన చదివారు. సంతకం పెట్టి వెళ్లారు. మరుసటి ఏడాది మేడమ్‌కు ఆర్డర్ రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లు మధిర నుంచి వచ్చి ఆఫీసులో అడిగి పోయేవారని సరిత చెప్పింది. తర్వాత రావడం మానేశారు. ల్యాబులో కిటికీలు మళ్లీ మూసుకున్నాయి.

ఎంఏ పూర్తయ్యాక నాకు భద్రాచలంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. వరదల కాలంలో ఆ పనితో పాటు ఒడ్డు ఊళ్లకు నీటిమట్టం చెప్పే ఫోన్ల డ్యూటీ వేస్తారు. గుంపుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదట్లో మాకు ఇచ్చిన కాగితం చూసి అడుగులు చదివి పెట్టేయమనేవారు. నేను అట్లా పెట్టలేదు. సెలవు రోజుల్లో ఒడ్డున ఉన్న గుంపులకు పోయి, ఎంత నీరొస్తే ఎక్కడిదాకా వస్తుందో ముసలివాళ్లను అడిగి రాసుకున్నాను. ఫోనులో వాళ్లకు ఆ చోట్ల పేర్లే చెబుతాను, తెలుగు రానివాళ్లకు కోయలో చెబుతాను. "మా గుడిసె కాడికి రాదు గదా" అని అడిగితే రాదనో వస్తుందనో చెప్పగలుగుతాను. ఒక్కోసారి తప్పుతుంది. అట్లా తప్పిన రోజున నాకు నిద్ర పట్టదు. తప్పని రోజుల్లో జనం గుట్ట ఎక్కి, నీళ్లు తగ్గాక దిగి, నన్ను మరిచిపోయి పనుల్లో పడతారు. అదే నాకు కావలసింది.

మేడమ్‌ను ఆఖరుసారి మధిర స్టేషన్‌లో చూశాను. మధిర దగ్గర జరిగిన సరిత పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ, మేడమ్ ఇల్లు కనుక్కుని వెళ్తే స్టేషన్‌కు పోయారని ఇంట్లోవాళ్లు చెప్పారు. విజయవాడలో ఒక స్కూల్లో చేరారట. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నారు. జుట్టు తెల్లబడింది, ఒక మోకాలు నొప్పి పెడుతున్నట్టుంది, అయినా బెంచీ మీద కూర్చోలేదు. నేనూ ఆమె పక్కన నడిచాను. ఉద్యోగం సంగతి, ఫోన్ల సంగతి చెప్పాను. మేకలు ఇప్పుడెన్ని ఉన్నాయని అడిగారు. అవ్వ ఎలా ఉందని అడిగారు. తన గురించి అడిగితే, "పర్మినెంట్ కాలేదు. ఇక కాదు" అని, ఆ మాటను అక్కడే వదిలేశారు.

"నీ దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఉన్నారా?" అన్నారు.

"ఇద్దరున్నరు మేడమ్. ఇద్దరూ మా వైపు ఆడపిల్లలే. ఒకామె జల్దీ నేర్చుకుంటది. రెండో ఆమెకు ఎంత చెప్పినా ఎక్కది."

"చిరాకు పడుతున్నావా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "పడుతున్న. అరుస్తున్న కూడా."

ఆమె నవ్వారు. ఆమె నవ్వడం అరుదు. "పడు. నాకూ పోలేదు అది. కానీ చెప్పడం మాత్రం ఆపకు. ఇంకోసారి, ఇంకో మాటతో చెప్పు. ఏ మాట ఎక్కడ దిగుతుందో మనకు తెలియదు."

రైలు వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ఆమె తలుపు పక్క కడ్డీ పట్టుకున్నారు. లోపల సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా తలుపు దగ్గరే నిలబడి చేయి ఊపారు.

మొన్నీమధ్య ఆమె పోయారని సరిత ఫోను చేసి చెప్పింది. ఆ పూట నేను డ్యూటీలో ఉన్నాను. ఫోను పెట్టేసి కాసేపు వరండాలో తిరిగాను. లోపలికి వచ్చేసరికి నా రెండో పిల్ల, అదే, ఎంత చెప్పినా ఎక్కదనుకున్న పిల్ల, పట్టికలో నిన్న చేసిన తప్పునే మళ్లీ చేసి నా వంక బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. నాకు చిరాకు వచ్చింది. గట్టిగానే అరిచాను. తర్వాత ఆమె పక్కన నిలబడి, అంతవరకు చెప్పని ఒక మాటతో, మొదటినుంచి మళ్లీ చెప్పాను.